కొత్త కెమెరా ఎవరు అడుగుతున్నారు?

 

పోయిన కార్తీక పౌర్ణమికి కోటిపల్లి రేవులో తీసిన దీపాల వీడియో మీలో చాలామంది చూశారు. దాని వెనక జరిగిన ఒక విషయం వీడియోలో చెప్పలేదు. చెప్పడానికి కొంచెం సిగ్గుగా కూడా ఉంది. కానీ ఇదే సమస్య మనలో చాలామందికి ఉందని నా అనుమానం. అందుకే రాస్తున్నా.

ఆ వీడియో ఎడిట్ చేస్తుంటే చీకటి షాట్లలో గరుకుగా, చుక్కలు చుక్కలుగా నాయిస్ కనిపించింది. మన ఛానెల్ కెమెరా పాతది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. వెంటనే కొత్త ఫుల్ ఫ్రేమ్ కెమెరాల రివ్యూలు చూడటం మొదలుపెట్టా. రెండు మూడు వారాలు అదే పని. ఆఫీసులో బిల్డ్ అవుతుంటే ఒక రివ్యూ, మెట్రోలో ఒక రివ్యూ, పడుకునే ముందు ఇంకొకటి. చివరికి బాడీ, లెన్స్ కలిపి రెండు లక్షల పైచిలుకు సరుకు కార్ట్‌లో పెట్టేశా. 24 నెలల ఈఎంఐ. నాకు నేను చెప్పుకున్న సమాధానం ఏంటంటే, ఇది నా కోసం కాదు, స్వామి పని కోసం. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి, అప్పటికి మంచి కెమెరా ఉండాలి కదా!

దేవుడి పేరు తగిలిస్తే కోరికకి ఎంత గౌరవం వచ్చేస్తుందో చూడండి.

ఆర్డర్ పెట్టే ముందు నాన్నకి ఫోన్ చేశా. నాన్న ఫొటోగ్రాఫర్. మా ఊరు రామచంద్రపురంలో ముప్పై ఏళ్లుగా చిన్న స్టూడియో నడుపుతున్నారు. "ఏ మోడల్ బావుంటుంది నాన్నా?" అని అడిగితే ఆయన మోడల్ పేరు చెప్పలేదు.

"ఎవర్రా అడిగింది కొత్త కెమెరా?" అన్నారు.

"ఎవరో అడగడం ఏంటి?"

"సంక్రాంతికి వస్తావుగా. అప్పుడు మాట్లాడుకుందాం."

రీలు తిరగని రోజు

మా స్టూడియోలో ఒక అద్దాల బీరువా ఉంటుంది. అందులో నాన్న ఇప్పటిదాకా వాడిన కెమెరాలన్నీ వరసగా ఉంటాయి. ప్రతి దసరాకీ ఆయుధ పూజలో అన్నిటికీ బొట్టు పెడతారు. పనిచేసేదానికీ, పనిచేయనిదానికీ కూడా. పోయిన దసరా కుంకుమ ఇంకా అలాగే ఉంది. సంక్రాంతి సెలవుల్లో ఆ బీరువా ముందు కూర్చుని నాన్న మొదట బయటికి తీసింది నికాన్ ఎఫ్ఎం10. రీలు కెమెరా.

మీలో చాలామంది రీలు కెమెరా వాడి ఉండరు కాబట్టి కొంచెం చెప్తా. ఒక రోలుకి 36 ఫొటోలు. తీసింది ఎలా వచ్చిందో అప్పుడే చూసుకోవడం ఉండదు. ఈ ఎఫ్ఎం10లో బ్యాటరీ ఉన్నది వెలుతురు కొలిచే మీటర్ కోసం మాత్రమే. బ్యాటరీ అయిపోయినా షట్టర్ పడుతుంది. ఫోకస్, ఎపర్చర్, స్పీడు అన్నీ చేత్తోనే పెట్టుకోవాలి. రోలు అయ్యాక కలర్ ల్యాబ్‌కి పంపాలి, కడిగి ప్రింట్లు వేసి ఇచ్చేదాకా ఆగాలి.

2003 పుష్కరాల్లో నాన్న ఈ కెమెరాతోనే కోటిపల్లి రేవులో పనిచేశారు. మా ఇంటి హాల్లో ఉన్న మామ్మ ఫొటో అప్పటిదే. నడుం లోతు నీళ్ళలో నిలబడి దోసిట్లో నీళ్ళు పట్టుకుని కళ్ళు మూసుకుని ఉంటుంది. అప్పుడు నాకు ఐదేళ్లు. రోళ్లు గిరాకీలకి కావాలి కాబట్టి మామ్మకి నాన్న తీసింది ఒకే ఒక్క ఫొటో. మామ్మ ఇప్పుడు లేదు. ఆ ఫొటో ఉంది.

ఇక్కడ నేను ఎమోషనల్ అయిపోయి, "అందుకే నాన్నా ఫిల్మ్ గొప్పది. ఒక్కటే తీసేవాళ్లు, మనసు పెట్టి తీసేవాళ్లు" అన్నా. ఇలాంటి మాటలు మనం రోజూ వింటూనే ఉంటాం కదా. నాన్న నవ్వేశారు.

"మనసు పెట్టే తీసేవాణ్ణి. రీలు తిరక్కపోతే మనసు ఏం చేస్తుంది?" అని ఒక పెళ్లి గురించి చెప్పారు.

2004లో పక్క ఊళ్ళో పెళ్లి. ముహూర్తానికి ముందు హడావిడిలో రోలు మార్చారు. ఫిల్మ్ కొస అవతలి చక్రానికి సరిగ్గా పట్టుకోలేదు. మామూలుగా లివర్ లాగినప్పుడు రెండో వైపు నాబ్ తిరుగుతోందా లేదా అని చూసుకుంటారట. ఆ రోజు చూసుకోలేదు. ఫిల్మ్ కదలకపోయినా పైన నంబర్లు మాత్రం మారుతూనే ఉంటాయి. జీలకర్ర బెల్లం, మంగళసూత్రం, తలంబ్రాలు అన్నీ తీశారు. 36 దాటాక కూడా లివర్ ఇంకా తిరుగుతూనే ఉంటే అప్పుడు గుండె ఝల్లుమంది. ఒక్క ఫొటో పడలేదు.

పెళ్లికూతురి తండ్రి కేకలు వేయలేదు. "పోన్లెండి బాబూ, మీరు కావాలని చేశారేంటండీ" అన్నారట. నాన్న అడ్వాన్స్ తిరిగి ఇచ్చేశారు. ఇది చెప్తున్నప్పుడు నాన్న నా వైపు చూడలేదు. ఇరవై ఏళ్లు దాటింది.

"డిజిటల్ అయితే వెనక తెరలో అప్పుడే తెలిసిపోయేది. రెండు కార్డుల్లో పడేది ఉంటే ఇంకా నిశ్చింత. ఫిల్మ్ గొప్పదని కవిత్వాలు చెప్పకు. ఆ అమ్మాయి దగ్గర తాళి కట్టిన ఫొటో లేదు" అన్నారు.

మారకపోవడం కూడా గర్వమే

మరి వెంటనే మారారా అంటే, లేదు. ఇంకో ఐదేళ్లు ఫిల్మ్‌తోనే ఉన్నారు. డబ్బు ఒక కారణం. కానీ అసలు కారణం అది కాదని ఆయనే ఒప్పుకున్నారు. "నా చెయ్యి మీద నాకు నమ్మకం. కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లంతా ఫొటోగ్రాఫర్లేంటి అనుకునేవాణ్ణి."

ఈ గర్వం చిన్న ఊరి స్టూడియోకే కాదు, పెద్ద కంపెనీలకీ ఉంటుంది. మొదటి డిజిటల్ కెమెరా తయారైంది కొడాక్‌లోనే. 1975లో స్టీవ్ శాసన్ అనే యువ ఇంజినీర్ చేశాడు. దాదాపు మూడున్నర కిలోల బరువు. 0.01 మెగాపిక్సెల్. ఒక ఫొటో క్యాసెట్ టేపు మీద ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. ఫిల్మ్ అమ్ముకుని బతికే కంపెనీకి ఫిల్మ్ అక్కర్లేని కెమెరా రుచించలేదు. 2012 జనవరిలో కొడాక్ దివాలా రక్షణ కోసం కోర్టుకి వెళ్లింది. మన దేశంలో ఊటీ దగ్గర 1960లో పెట్టిన ప్రభుత్వ సంస్థ హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్, 'ఇందు' పేరుతో ఫిల్మ్ చేసేది. అదీ మూతపడింది.

నాన్న మాత్రం అప్పట్లో ఇవేవీ ఆలోచించలేదు. ఆయనకి తెలిసింది ఒక్కటే, ల్యాబ్ నుంచి ప్రింట్లు రావడం ఆలస్యం అవుతోంది. దానికి కారణం ఉంది. కలర్ నెగటివ్ కడిగే కెమికల్స్ ట్యాంకులో పోశాక రోజూ తగినన్ని రోళ్లు పడుతూ ఉండాలి, లేకపోతే పాడైపోతాయి. రోళ్లు తగ్గేకొద్దీ ల్యాబులు వారానికి ఒకసారి, రెండు వారాలకి ఒకసారి కడగడం మొదలుపెట్టాయి. పాస్‌పోర్ట్ ఫొటో కోసం వచ్చినవాడు సాయంత్రానికి కావాలంటాడు. గిరాకీ తిరిగి వెళ్లిపోయేవాడు.

అప్పుడు, 2009లో, నాన్న నికాన్ డీ90 కొన్నారు. అమ్మ గాజులు తాకట్టు పెట్టి. ఈ సంగతి నాకు ఈ సంక్రాంతి దాకా తెలియదు.

మూడేళ్లలో గాజులు విడిపించారు. ఆ కెమెరా ఇల్లు గడిపింది. నా స్కూల్ ఫీజులు కట్టింది. ఇక్కడిదాకా కథ బానే ఉంది.

"తర్వాత 2013లో మళ్లీ పెట్టాను" అన్నారు.

రెండోసారి

2013లో నికాన్ డీ7100 వచ్చింది. ఎదురు వీధి స్టూడియో ఆయన కొన్నాడు. పెళ్లి బేరానికి వచ్చినవాళ్లు "మీది ఎన్ని మెగాపిక్సెళ్లండీ?" అని అడగడం మొదలుపెట్టారు. డీ90 అంటే 12. ఎదురాయనది 24. నాన్నకి రెండు బేరాలు పోయాయి. కెమెరా వల్లే పోయాయా, రేటు వల్ల పోయాయా అని ఆయన కనుక్కోలేదు. గాజులు మళ్లీ తాకట్టుకి వెళ్లాయి. అదే సమయంలో నా ఇంటర్ ఫీజులు, తర్వాత ఇంజినీరింగ్. ఈసారి గాజులు వెనక్కి రాలేదు.

నేను ఇంజినీర్ని కదా, ఊరుకోలేక ఫోన్ తీసి లెక్క వేశా. పెళ్లి ఆల్బమ్‌లో ఒక పూర్తి పేజీ 12×18 అంగుళాలు అనుకుందాం. 300 డీపీఐ కావాలంటే 3600×5400, అంటే దాదాపు 19 మెగాపిక్సెల్స్. డీ90 ఇచ్చేది 4288×2848. అదే పేజీకి 238 డీపీఐ వస్తుంది. చేతిలో పట్టుకుని చూసే ఆల్బమ్‌లో ఆ తేడా కనిపెట్టడం మామూలు కంటికి కష్టం. పైగా ఆల్బమ్‌లో ఎక్కువ ఫొటోలు పూర్తి పేజీవి కూడా కావు.

అంటే రెండో కెమెరా పనికి అవసరం లేదు. ఈ లెక్క నాన్నకి చూపించాలా వద్దా అని ఒక నిమిషం తటపటాయించా. ఆయనే అన్నారు.

"నాకు తెలుసురా. మొదటిసారి పని అడిగింది. రెండోసారి పరువు అడిగింది. రెండుసార్లూ ఇచ్చింది మీ అమ్మే."

అమ్మ టీ తెచ్చి పెట్టి, "ఇప్పుడెందుకండీ ఆ మాటలు" అని లోపలికి వెళ్లిపోయింది.

నాన్న ఇప్పటికీ వాడేది ఆ డీ7100నే. దాని షట్టర్‌ని లక్షన్నర క్లిక్కులకి పరీక్షించామని కంపెనీ చెప్పింది. నాన్నది అది ఎప్పుడో దాటేసింది. మధ్యలో ఎన్నో మోడల్స్ వచ్చాయి, మిర్రర్‌లెస్ వచ్చింది, డ్రోన్ వచ్చింది. డ్రోన్ కావాలన్న గిరాకీకి అద్దెకి తెస్తారు. కెమెరా మాత్రం మార్చలేదు. "ఇది చచ్చేదాకా వాడతా. దీని బాకీ అలా తీర్చుకుంటున్నా" అంటారు.

యయాతి, ఆయన కొడుకు

ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. మనం ఒక వస్తువు కొంటున్నప్పుడు అది అవసరమా, తృష్ణా అని ఎలా తెలుస్తుంది? "కోరికలు వదిలెయ్" అని చెప్పడం తేలిక. కానీ 2009లో నాన్న కోరిక అనుకుని వదిలేసి ఉంటే స్టూడియో మూసేసేవారు. పనిముట్టు మార్చడం పాపం కాదు. మార్చకుండా మొండికెయ్యడం పుణ్యం కాదు. ఆ పెళ్లికూతురి ఫొటో పోయింది ఆ మొండితనానికి ముందే అయినా, ఆ తర్వాత ఐదేళ్లు ఇంకెంతమంది పెళ్లిళ్లు అదే ప్రమాదం మీద నడిచాయో!

భాగవతంలో యయాతి కథ అందరికీ తెలిసిందే. ముసలితనం వస్తే, కొడుకు యౌవనం తీసుకుని ఇంకా భోగాలు అనుభవించాడు. ఎన్ని ఏళ్లు అనుభవించినా తీరలేదు. మన భాషలో చెప్పాలంటే అప్‌గ్రేడ్ తీసుకున్నాడు, బిల్లు వేరేవాళ్లు కట్టారు. ఈ కథ చెప్పేటప్పుడు మనం కోరిక తీరదు అన్న పాయింట్ దగ్గరే ఆగిపోతాం. బిల్లు ఎవరు కట్టారు అన్నది మర్చిపోతాం. పూరుడు కట్టాడు. మా ఇంట్లో అమ్మ కట్టింది.

యయాతి ఇంకో కొడుకు యదువు. యౌవనం ఇవ్వనన్నవాడు. ఆ యదు మహారాజుకే ఒక అవధూత తన 24 మంది గురువుల గురించి చెప్తాడు. ఏకాదశ స్కంధంలో శ్రీకృష్ణుడు ఉద్ధవుడికి చెప్పిన కథ ఇది. ఆ గురువుల్లో ఒకడు బాణాలు చేసేవాడు. బాణం సాపు చేయడంలో ఎంత మునిగిపోయాడంటే, పక్కనే రాజుగారి ఊరేగింపు మేళతాళాలతో వెళ్లిపోయినా అతనికి తెలియలేదు.

నేను ఈ కథని ఏకాగ్రత గురించే అనుకునేవాణ్ణి. ఈసారి ఇంకోటి కనిపించింది. అతని చేతిలో పనిముట్లు ఉన్నాయి, మంచివే అయి ఉంటాయి. వాటి గురించి అవధూత ఒక్క మాట చెప్పలేదు. అతని చూపు బాణం మీద ఉంది. ఊరేగింపు మీద లేదు, పనిముట్ల మీదా లేదు. పనిముట్టు మొద్దుబారితే ముందుగా తెలిసేది కూడా అతనికే, ఎందుకంటే బాణం సరిగ్గా రావడం ఆగిపోతుంది. పని చూస్తున్నవాడికి ఏది అవసరమో పనే చెప్తుంది. ఊరేగింపు చూస్తున్నవాడికి ప్రతి ఏనుగూ అవసరంగానే కనిపిస్తుంది.

గీత రెండో అధ్యాయంలో మనిషి పతనానికి కృష్ణుడు చెప్పే వరుస కూడా గుర్తు చేసుకోండి. అది కొనడంతో మొదలవదు, తలచుకోవడంతో మొదలవుతుంది. నేను అన్ని వారాలు చూసిన రివ్యూలు ఏంటి? అదొక రకం ధ్యానమే. రోజుకి రెండు గంటలు కూర్చుని స్పెసిఫికేషన్స్ జపం చేశా. సంధ్యావందనానికి పది నిమిషాలు దొరకడం లేదని మాత్రం కంప్లైంట్ చేస్తుంటా.

ఇంకో తమాషా ఏంటంటే, ఇప్పుడు ఫిల్మ్ కూడా మళ్లీ అమ్మకానికి వచ్చింది. 2024లో పెంటాక్స్ పేరుతో కొత్తగా ఒక ఫిల్మ్ కెమెరా విడుదలైంది. హైదరాబాద్‌లో నా ఫ్రెండ్ ఒకడు డిజిటల్ బోర్ కొట్టిందని పాత రీలు కెమెరా కొన్నాడు. ఆరు నెలల్లో రెండు రోళ్లు తీశాడు. ఇప్పుడు దానికి ఇంకో లెన్స్ వెతుకుతున్నాడు. నేను ముందుకి పరిగెత్తాను, వాడు వెనక్కి పరిగెత్తాడు. ఇద్దరం ఊరేగింపు వెనకాలే ఉన్నాం.

పని ఏం అడిగింది?

సంక్రాంతి నుంచి తిరిగి వచ్చాక ఒక పని చేశా. మన వీడియోల కింద మీరు రాసినవన్నీ ఓపిగ్గా చదివా. పిక్చర్ బాలేదని రాసింది ఒక్కరూ లేరు. మీలో ఎక్కువమంది ఫోన్‌లో చూస్తారు. ఫుల్ హెచ్‌డీ అంటే 1920×1080, రెండు మెగాపిక్సెళ్లకి కొంచెం ఎక్కువ, అంతే. కానీ "సంకల్పం వినపడలేదు", "గాలి హోరులో మంత్రాలు అర్థం కావట్లేదు" అని రాసినవాళ్లు ఉన్నారు. ఒక పెద్దావిడ కొడుకు దగ్గర విదేశంలో ఉంటారట. సంకల్పం వింటూ తన గోత్రం చెప్పుకుందామని కళ్ళు మూసుకుని కూర్చుంటే ఏమీ వినపడలేదని రాశారు.

కళ్ళు మూసుకుని కూర్చున్న ఆవిడకి ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ ఎందుకు?

పని చాలా రోజులుగా అడుగుతూనే ఉంది. మైక్ అడిగింది. నేను కెమెరా అని విన్నా. కార్ట్ ఖాళీ చేసి ఒక కాలర్ మైక్, గాలి హోరు ఆపే బొచ్చు తొడుగు కొన్నా. ఈఎంఐలో ఒక నెల వాయిదా కూడా కాలేదు. చీకటి షాట్లకి నాన్న చెప్పిన ఉపాయం ఇంకా చవక. "పూర్తిగా చీకటి పడేదాకా ఎందుకు ఆగుతావు? పొద్దు గూకాక ఆకాశం ఇంకా నీలంగా ఉండే పావుగంట ఉంటుంది చూడు, స్టాండ్ వేసుకుని ముందే వెళ్లి కూర్చో. దీపమూ కనిపిస్తుంది, గోదారీ కనిపిస్తుంది." వచ్చే కార్తీకంలో అలాగే తీస్తా. మైక్ పెట్టినా, వేళ మార్చినా పని ఇంకా కుంటుతుంటే, అప్పుడు కెమెరా గురించి ఆలోచిస్తా. కొనకూడదని నేను ఒట్టు పెట్టుకోలేదు.

ఒక్క విషయం మాత్రం ఇంకా మిగిలింది. 2015 పుష్కరాలప్పుడు నాకు పదిహేడేళ్లు, ఇంజినీరింగ్‌లో చేరబోతున్నా. ఆ కొత్త డీ7100తో కోటిపల్లిలో ఒక్కరోజులో తొమ్మిది వందల ఫొటోలు తీశా. మొన్న ఆ ఫోల్డర్ తెరిచి మొత్తం చూశా. రేవు ఉంది, జనం ఉన్నారు, సోమేశ్వరస్వామి గుడి ఉంది, పడవలు ఉన్నాయి, నా సెల్ఫీలు ఉన్నాయి. అమ్మ ఉన్న ఫొటో ఒక్కటి కూడా లేదు. ఆ రోజంతా అమ్మ గట్టు మీద మా బట్టలు, చెప్పులు, కెమెరా సంచీ పట్టుకుని నిలబడింది. ఆ కెమెరా ఎవరి గాజులతో వచ్చిందో అప్పుడు నాకు తెలియదు. కానీ తెలియకపోయినా అమ్మ పక్కనే ఉంది కదా. తొమ్మిది వందల సార్లు నొక్కినవాడికి ఒక్కసారి అటు తిరగడానికి తోచలేదు. 36 ఉన్న మనిషి ఒకటి మామ్మకి ఇచ్చారు.

బృహస్పతి సింహరాశికి వస్తే గోదావరికి పుష్కరాలు. పన్నెండేళ్లకి ఒకసారి. ఆ గడియారం మారదు. ఈ మధ్యలో ఎన్ని కెమెరాలు వచ్చినా, అమ్మని నీళ్ళలో చూసే అవకాశం మాత్రం లెక్కపెట్టినట్టే వస్తుంది.

నిన్న ఫోన్‌లో అమ్మతో చెప్పా. "2027లో సంచులు నేను పట్టుకుంటా. నువ్వు నీళ్ళలోకి దిగు. నాన్న ఫొటో తీస్తారు."

"ఏ కెమెరాతోనో?" అని నవ్వింది.

ఉన్నదాంతోనే అన్నా.

మీ కార్ట్‌లో ఇప్పుడు ఏముంది? ఫోన్ కావచ్చు, బైక్ కావచ్చు, ల్యాప్‌టాప్ కావచ్చు. కొనండి అనీ అనను, వద్దు అనీ అనను. ఎవరు అడుగుతున్నారో ఒకసారి కనుక్కోండి. బిల్లు ఎవరు కడతారో కూడా చూడండి. మీ అనుభవం ఏదైనా ఉంటే కింద రాయండి, తప్పకుండా చదువుతా.

హర హర మహాదేవ.